నేరము: అర్థము, వివిధ రూపములు



తెలుగు భాషలో తప్పు, పాపము, నేరము అను మూడు మాటలు కలవు. నిత్యవ్యవహారమున ఒకదానికి బదులు మరియొకటి వాడుకొనుట పరిపాటియే. కాని యీ మూడును ఒకటి కావు. పిల్లవాడు ఎక్కము అప్పగించునప్పుడు పొరపడినచో అది తప్పు, దిద్దుకొనిన తీరిపోవును. ఆకలిగొని వాకిట నిలిచినవానిని కసరి పంపినవాడు పాపము మూటగట్టుకొనెనని పెద్దలందురు. కాని ఏ పోలీసు ఠాణాలోను ఆ ఫిర్యాదు వ్రాసికొనరు. నేరము ఈ రెంటికంటె వేరు. ఇట్టి పని చేయరాదనియు, చేసినచో ఇంత శిక్ష కలదనియు రాజ్యము ముందుగా శాసనము చేసి ప్రకటించియుండవలెను. ఆ ప్రకటన లేనిదే నేరము లేదు.

ఈ సూత్రమునకు భారత రాజ్యాంగములోని 20వ అధికరణము గట్టి పునాది వేసినది. ఒక పని చేసిన దినమున అది నేరము కానిచో, తరువాత పుట్టిన చట్టమును వెనుకకు మరల్చి ఆ పని చేసినవానిని శిక్షింపరాదు. ఒకే నేరమునకు ఒకనిని రెండుమారులు విచారించి శిక్షింపరాదు. తనకు వ్యతిరేకముగ తానే సాక్ష్యము చెప్పుమని నిందితుని నిర్బంధింపరాదు. నేరము ఎంత ఘోరమైనదైనను ఈ మూడు కట్టుబాట్లు సడలవు.

నేరమునకును సివిలు వ్యాజ్యమునకును గల భేదము కూడ గుర్తింపదగినది. ఒకడు పదివేల రూపాయలు అప్పు తీసికొని, పిమ్మట ఉద్యోగము పోయినందున తీర్చలేకపోయెను. అది ఋణము, సివిలు న్యాయస్థానమున తేలవలసిన తగవు. మరియొకడు తనది కాని స్థలమునకు దొంగ దస్తావేజు చూపి, తీర్చు తలంపు మొదటినుండియు లేకయే పదివేలు తీసికొనెను. అది మోసము, నేరము. మొదటి తగవున వాది ఋణదాత. రెండవదానిలో అభియోగము నడపువాడు రాజ్యమే. మాట నమ్మి బ్రతుకుట సంఘమునకు ఆధారము గనుక, ఒక్కనిని వంచించినవాడు ఆ ఆధారమునకే చెరుపు చేసినట్లు చట్టము భావించును.

మన దేశమున నేరములకు నిర్వచనములిచ్చిన ప్రధాన శాసనము చిరకాలము భారత శిక్షాస్మృతియే. మెకాలే అధ్యక్షతన మొదటి లా కమిషను 1837లో దాని చిత్తుప్రతిని సిద్ధము చేసెను. అది 1860లో శాసనమై, 1862 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. 511 సెక్షనులు గల ఆ స్మృతి నూట అరువదేండ్లకు పైగా నడిచి, 2024 జూలై 1వ తేదీన 358 సెక్షనుల భారతీయ న్యాయ సంహితకు చోటిచ్చినది. సంఖ్యలు మారినవి, క్రొత్త నేరములు కొన్ని చేరినవి, నిర్వచనములలో అధికభాగము పాతవే. మోసమునకు పాత స్మృతిలోని సంఖ్య 420 జనుల నోట పడి తిట్టుగానే స్థిరపడినది. క్రొత్త సంహితలో మోసమునకు సంఖ్య 318; నోటి మాట మాత్రము ఇంకను మారలేదు.

సామాన్యముగ నేరమునకు రెండు అంగములుండవలెను: ఒక పని, ఆ పని వెనుక దుష్టసంకల్పము, లేదా చట్టము శిక్షార్హముగ నెంచిన నిర్లక్ష్యము. ఊరక మనస్సున తలచినంత మాత్రమున నేరము కాదు. ప్రయత్నము మొదలిడినచో, అది విఫలమైనను చాలవరకు నేరమగును. చట్టము మనస్సును ఎంత సూక్ష్మముగ తూచునో ఒక సామాన్యమైన దృష్టాంతము వలన తెలియగలదు.

వానాకాలమున ఒక సాయంకాలము సంఘ భవనమున సభ ముగిసినదనుకొందము. గోడవార ఇరువది నల్ల గొడుగులు వరుసగా నున్నవి. ఒకరు తమదేయని తలచి వేరొకరి గొడుగు తీసికొనిపోయిరి. ఇది పొరపాటు, నేరము కాదు. వేరొకరు తమది కాదని యెరిగియే, మంచి గొడుగని ఎంచి తీసిరి. అది దొంగతనము. గొడుగును గోడవారనుండి కదల్చినంతనే నేరము పూర్తియైనది, ఇల్లు చేరనక్కరలేదు. పొరపాటున తీసికొనిపోయినవారు ఇంటివద్ద పిడిమీది పేరు చదివి, ఎవరిదో తెలిసికొనియు మిన్నకుండి వాడుకొనసాగిరి. వచ్చునప్పుడు లేని నేరము ఇప్పుడు పుట్టినది. దీనికి దుర్వినియోగమని పేరు. ఒకరు ఊరికి పోవుచు దాచియుంచుమని అప్పగించిన గొడుగును దాచినవారు అమ్ముకొనినచో నమ్మకద్రోహము. “మీ అన్నగారు తెమ్మన్నా”రని బొంకి పట్టుకొనిపోయినచో మోసము. “ఈయకున్న నీ గుట్టు బయటపెట్టెదను” అని బెదరించి పుచ్చుకొనినచో బలవంతపు వసూలు. కొట్టి లాగికొనినచో దోపిడి. ఐదుగురో, అంతకు మించినవారో కూడి అట్లు లాగికొనినచో బందిపోటు దొంగతనము.

గొడుగు ఒక్కటే. పోగొట్టుకొనినవాడు వానలో తడియుటయు ఒక్కటే. అయినను ఒకచోట నేరమే లేదు, మరియొకచోట యావజ్జీవ కారాగార శిక్షవరకు పోవచ్చును. వస్తువు విలువకంటె అది చేతులు మారిన తీరును, తీసినవాని మనస్సును చట్టము ముఖ్యముగ చూచునని దీనివలన స్పష్టము.

మనుష్యుని మరణ విషయమునను ఇదే న్యాయము. జాగ్రత్తగా నడుపుచున్న లారీకి అడ్డముగ హఠాత్తుగా దూకి ఒకడు మరణించినచో డ్రైవరునకు నేరము లేదు. నిద్రమత్తున నడిపి మనిషిని పొట్టనబెట్టుకొనినచో నిర్లక్ష్యమువలన కలిగించిన మరణము. సంహిత దానికి ఐదేండ్ల వరకు శిక్ష విధించినది. అనుకొనని కలహమున, ఆవేశమునందు, ముందు తలంపు లేకయే కొట్టిన దెబ్బకు ప్రాణము పోయినచో, పరిస్థితులనుబట్టి అది హత్యకు తక్కువయైన నరహత్య కావచ్చును. పన్నాగము పన్ని చంపినచో హత్య. ఒక్క మరణమునకు నాలుగు పేర్లు గలవన్నమాట.

మనస్సు పరిపక్వము కానిచోట, లేదా మనస్సు స్వాధీనమున లేనిచోట చట్టము వెనుకకు తగ్గును. ఏడేండ్లు నిండని శిశువు ఏమి చేసినను నేరము కాదు. ఏడేండ్లు దాటి పండ్రెండేండ్లు నిండనివాని విషయమున, తన పని స్వభావమును తెలిసికొనగలిగిన పరిపక్వత వానికి కలదో లేదో చూడవలెను. మతిస్థిమితము లేక, తానేమి చేయుచున్నాడో ఎరుగనివానికి శిక్ష లేదు. ప్రాణమును కాపాడుకొనుటకు అవసరమైనంత మేరకు ఎదురు తిరిగినవాడు నేరస్థుడు కాడు. అవసరమునకు మించి కొట్టినచో మాత్రము ఆ రక్షణ తొలగిపోవును.

పదిమంది కలిసి చేసిన పనికి బాధ్యత ఎట్లు పంచవలెననునది మరియొక ప్రశ్న. “తిలాపాపము తలా పిడికెడు” అని సామెత. లోకమున పంచుకొనిన కొలది ఒక్కొక్కని పాలు తగ్గునని భావన. శిక్షాస్మృతి ఈ లెక్కను అంగీకరింపలేదు. ఒకే ఉద్దేశముతో కూడి నేరము చేసినవారిలో ప్రతివాడును ఆ పనినంతటిని తానొక్కడే చేసినట్లు బాధ్యుడు. వాకిట కావలి కాచినవాడు “నేను లోపలికి పోలేదు” అని తప్పించుకొనలేడు. పురికొల్పినవాడును, తెలిసి తోడ్పడినవాడును నేరమునందు భాగస్వాములే.

చట్టగ్రంథములు నేరములను అవి తగులు చోటునుబట్టి విభజించును. రాజ్యమునకు వ్యతిరేకమైనవి, ప్రజాశాంతికి భంగకరమైనవి, శరీరమునకు, ఆస్తికి, పత్రములకు, నాణెములకు, గౌరవమునకు సంబంధించినవి అని ఆ వర్గములు. స్త్రీలపై, బాలలపై జరుగు నేరములను క్రొత్త సంహిత ఒకచోట చేర్చి గ్రంథము మొదటి భాగమునకు తెచ్చినది. వారంటు లేకయే పోలీసులు అరెస్టు చేయగలవి, చేయరానివి. హక్కుగా జామీను లభించునవి, న్యాయస్థానము విచక్షణపై ఆధారపడునవి అని విచారణ పద్ధతినిబట్టి వేరు విభజన కలదు. ఈ పట్టికలు న్యాయవాదులకు నిత్యము అవసరము. సామాన్య గృహస్థునకు ఇంతకంటె ముఖ్యమైన విషయమొకటి కలదు: నేరముల పట్టిక శాశ్వతము కాదు, కాలమునుబట్టి అది మారుచుండును.

సతీసహగమనము ఒకప్పుడు పుణ్యకార్యమని పొగడబడినది. 1829లో అది నేరమైనది. అస్పృశ్యతను తరతరములు ఆచారమని పాటించిరి. రాజ్యాంగములోని 17వ అధికరణము దానిని నిషేధింపగా, 1955లో దానికి శిక్షలతో కూడిన చట్టము వచ్చినది. 1985లో ప్రకాశము జిల్లా కారంచేడులో దళితులపై జరిగిన మారణకాండ దేశమును కలచివేసినది. అట్టి దురంతముల పిమ్మట, ఆ పాత చట్టము చాలదని తేలి, 1989లో షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారముల నిరోధ చట్టము పుట్టినది. మరియొకవైపు, పరస్త్రీ సంపర్కమును నేరముగ నెంచిన పాత స్మృతిలోని 497వ సెక్షనును సర్వోన్నత న్యాయస్థానము 2018లో కొట్టివేసినది. వివాహబంధము తెగుటకు అది నేటికిని కారణము కావచ్చును. కాని జైలునకు కారణము కాదు.

పరాయి పాలనలో దేశభక్తి సైతము నేరముల పట్టికకెక్కినది. 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు తమ పత్రికలో వ్రాసిన వ్రాతకు రాజద్రోహ నేరముపై కారాగారమున బాధలు పడిరి. 1922లో అహమ్మదాబాదు న్యాయస్థానమున గాంధీ మహాత్ముడు అదే అభియోగమును అంగీకరించి ఆరేండ్ల శిక్ష స్వీకరించెను. 1930లో సముద్రపు నీరు కాచి గుప్పెడు ఉప్పు వండుట నేరము. ఆ నేరమునకు చెరసాలకేగినవారిని తెలుగు పల్లెలు పూలదండలతో సాగనంపినవి. చట్టమునకు న్యాయముతో పొత్తు తప్పినచో జనులు నేరమను మాటకు భయపడుట మానుదురని ఆ కాలపు అనుభవము తెలుపుచున్నది.

చట్టము చేసిన మరియొక పెద్ద అన్యాయము తెలుగుదేశపు చరిత్రలోనే కలదు. పైన చెప్పిన న్యాయమంతయు ఒక ఆధారముపై నిలిచినది: నేరము మనుష్యుడు చేసిన పని, వాని పుట్టుక కాదు. ఈ ఆధారమును విడనాడి, 1871లో బ్రిటిషు ప్రభుత్వము నేరస్థ తెగల చట్టమును చేసినది. ఒక తెగను ప్రభుత్వము ప్రకటించినచో, ఆ తెగలో పుట్టినవారు ఏ నేరమును చేయకున్నను అనుమానితులే. పేర్లు నమోదు చేసికొనవలెను. నియమిత వేళలకు హాజరు పలుకవలెను. అనుమతి చీటి లేక హద్దు దాటినచో శిక్ష. 1876లో ఇటలీ దేశమున లాంబ్రోసో అను వైద్యుడు పుఱ్ఱెలు కొలిచి, కొందరు పుట్టుకతోనే నేరస్థులని గ్రంథము వ్రాసెను. ఆ సిద్ధాంతము శాస్త్రలోకమున పిమ్మట నిలువలేదు. కాని అంతకు ఐదేండ్ల ముందే మన దేశమున పుట్టుకను నేరముగ నెంచు చట్టము నడువనారంభించినది.

1911నాటి చట్టముతో ఈ విధానము మద్రాసు రాజధానికి వ్యాపించినది. ఎరుకలవారు ఎద్దులపై ఉప్పు, ధాన్యము వేసికొని ఊరూర తిరిగి వర్తకము చేయు సంచారజాతి. రైళ్లు వచ్చి, ఉప్పుపై ప్రభుత్వము పట్టు బిగించిన కొలది వారి వర్తకము దెబ్బతినినది. బ్రతుకుదెరువు పోయిన సంచారిని అధికారులు దొంగయని అనుమానించిరి. బాపట్ల సమీపమున సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో 1910ల దశకమున ఏర్పడిన స్టువర్టుపురము అట్టివారిని నిలిపిన సెటిల్మెంటే. ప్రభుత్వములోని పెద్ద అధికారి సర్ హెరాల్డ్ స్టువర్టు పేర ఆ ఊరు వెలసినది. భూమి ఇచ్చిరి, బడి పెట్టిరి, కొందరికి చీరాల పొగాకు కర్మాగారమున పని చూపిరి. వీటన్నిటితోబాటు హాజరుపట్టీయు, హద్దులును ఉండెను. ఊరి పేరు చెప్పినంతనే ఎదుటివారు సంచి తడుముకొను దుస్థితి ఆ ఊరివారికి తరములు గడచినను తప్పలేదు.

స్వాతంత్ర్యానంతరము ఈ చట్టమును పరిశీలించుటకు నియమింపబడిన సంఘమునకు అధ్యక్షులు తిరుపతి ప్రాంతమువారైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. తరువాత వారు లోకసభకు స్పీకరు అయిరి. 1952 ఆగస్టు 31వ తేదీన చట్టము రద్దై, ఆ తెగలకు విముక్తి కలిగినది. “విముక్త జాతులు” అను పేరు నాటినుండి వచ్చినదే. చట్టము రద్దగుట ఒక దినపు పని. అనుమానము రద్దగుట తరముల పని. మహాకవి గుఱ్ఱం జాషువా కుమార్తెయగు హేమలతా లవణంగారు 1970ల దశకమునుండి స్టువర్టుపురమునందు ఈ రెండవ పనికి పూనుకొనిరి. నేరమార్గమున పడినవారితో మాటాడి, వారి కుటుంబముల బ్రతుకులు నిలుపుటకు పాటుపడిరి. ఇంత జరిగియు, విముక్త జాతులవారిని పుట్టుకనుబట్టి అలవాటు నేరస్థులుగ చూచు నియమములు కొన్ని జైలు మాన్యువళ్లలో మిగిలియే యుండెను. కులమునుబట్టి ఖైదీలకు పనులు పంచు నియమములతోబాటు వానిని సర్వోన్నత న్యాయస్థానము కొట్టివేసినది 2024 అక్టోబరు 3వ తేదీన మాత్రమే.

నేరము చేయనివానిని నేరస్థుడని పిలిచిన సంఘమే, నేరము చేసిన మర్యాదస్థుని నేరస్థుడని పిలుచుటకు వెనుదీయును. అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు ఎడ్విన్ సదర్లాండ్ 1939లో ఈ విషయమును ప్రస్తావించి, పదవియు, పరువును గలవారు తమ వృత్తి నడుమ చేయు నేరములకు “వైట్‌కాలర్ నేరములు” అని పేరు పెట్టెను. పేదరికమే నేరమునకు మూలమను వాదము చాలదనియు, సంపన్నుల నేరములు లెక్కకు రాకపోవుటచేతనే అట్లు తోచుచున్నదనియు అతని వాదము. 2009లో హైదరాబాదున బయటపడిన సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసములో ఎవరును కత్తి చూపలేదు, గోడకు కన్నము వేయలేదు. కలముతోను, కంప్యూటరుతోను లేని ధనమును ఉన్నట్లు చూపిరి. 2015లో విచారణ న్యాయస్థానము నిందితులను దోషులుగ నిర్ణయించి కారాగార శిక్ష విధించినది. జేబుదొంగ ఒకని సంచి కొట్టును. ఇట్టి లెక్కలు ఆ సంస్థను నమ్మి వాటాలు కొనిన వేలమంది కూడబెట్టుకొనిన సొమ్మును ఒక్క ఉదయమున హరించును.

ప్రభుత్వోద్యోగుల కుటుంబములు కూడిన ఇట్టి సభలో ఈ భాగము కొంత విపులముగ చెప్పుకొనదగినది. “కంచే చేను మేసిన” అను సామెత వారి నేరములకే పుట్టినదా యనిపించును. ఇతరుడు చేసిన నమ్మకద్రోహమునకంటె ప్రభుత్వోద్యోగి తన అధీనములోని సొమ్మునెడ చేసిన నమ్మకద్రోహమునకు శిక్ష ఎక్కువ. యావజ్జీవ కారాగారమువరకు కలదు. లంచగొండితనమునకు 1947లో ప్రత్యేక చట్టము వచ్చి, దాని స్థానమున 1988 నాటి చట్టము నిలిచినది. 1962లో కె. సంతానంగారి అధ్యక్షతన నియమింపబడిన సంఘము సూచనపై, 1964లో కేంద్ర విజిలెన్సు కమిషను ఏర్పడినది. 2018 సవరణచే లంచమిచ్చుటయు ప్రత్యేక నేరమైనది. నిర్బంధమునకు లోనై ఇచ్చినవాడు ఏడు దినములలో అధికారులకు తెలిపినచో వానికి రక్షణ కలదు.

లంచమనగా అందరికిని తెలిసినదే. తెలిసియు తెలియక కాలు జారు చోటులు వేరే కలవు. ఒక కార్యాలయమున నగదు పెట్టె తాళము ఒక గుమాస్తా చేతనున్నదనుకొందము. కుమార్తె కళాశాల రుసుమునకు చివరి దినము వచ్చినది. జీతము వచ్చుటకు ఇంకను నాలుగు దినములున్నవి. ఒకటవ తేదీన మరల ఉంచవచ్చునని పెట్టెనుండి పదిహేనువేలు తీసెను. ఒకటవ తేదీన పైసతో సహా ఉంచెను. ప్రభుత్వమునకు నష్టము లేదు. గుమాస్తా దృష్టిలో అది చేబదులు. చట్టము దృష్టిలో, కొలదికాలమునకైనను ఒకరి సొమ్మును అన్యాయముగ తన అవసరమునకు మరల్చుట దుర్వినియోగమే. ప్రయాణమే చేయక సెలవు ప్రయాణపు రాయితీకి బిల్లు పెట్టుట, కొనని మందులకు రసీదు తెచ్చుట, ఉద్యోగము పొడిగింపునకై పుట్టిన తేదీ దిద్దుట — వీటికి కార్యాలయములందు సర్దుబాటని పేరుండవచ్చును. సంహితలో వీటి పేర్లు మోసము, ఫోర్జరీ. “ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడు” అను ధీమా ఆడిటు వచ్చువరకే సాగును. అప్పుడు పోవునది పదిహేనువేలు కాదు. ముప్పదేండ్ల సేవ, పింఛను, ఇంటివారి తలయెత్తుకొని తిరుగు హక్కు.

అట్లని కార్యాలయములోని ప్రతి పొరపాటును నేరమనుట అన్యాయము. సదుద్దేశముతో తీసికొనిన నిర్ణయము తరువాత నష్టము తెచ్చినంత మాత్రమున ఉద్యోగి నేరస్థుడు కాడు. ప్రవర్తనా నియమముల ఉల్లంఘనము శాఖాపరమైన క్రమశిక్షణకు లోబడినది. నేరము న్యాయస్థానమునకు లోబడినది. ఈ హద్దు తెలియనిచో ఒకవైపు దొంగ తప్పించుకొనును. మరియొకవైపు నిజాయితీపరుడు సంతకము పెట్టుటకే జంకి ఫైలును ప్రక్కకు త్రోయును. రెంటివలనను నష్టపోవునది వాకిట నిలిచిన ప్రజయే.

కార్యాలయమునుండి ఇంటికి వచ్చినచో, అక్కడను ఒక నేరము పట్టుచీర కట్టుకొని పీటలమీద కూర్చుండియుండును. వరకట్న నిషేధమునకు ఆంధ్రప్రదేశము 1958లోనే చట్టము చేసినది. కేంద్రచట్టము 1961లో వచ్చినది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమములు కట్నము ఇచ్చుటను, పుచ్చుకొనుటను, అడుగుటను ప్రత్యేకముగ నిషేధించినవి. అయినను కార్యాలయమున రూపాయి లంచము ముట్టనని గర్వించు పెద్దమనుష్యుడు, కుమారుని పెండ్లిమాటలనాడు “మా అబ్బాయిది కేంద్రప్రభుత్వ ఉద్యోగమండీ” అని నిలిపి, మిగిలిన వాక్యమును ఎదుటివారి ఊహకు వదలుట అరుదు కాదు. పదవిని చూపి ధనము రాబట్టుటయే లంచమైనచో, ఆ వాక్యమునకు లంచముతో ఎంత దూరపు చుట్టరికము? కట్నపు వేధింపులవలన కోడలు మరణించినచో, అదే పెండ్లికథ కట్నపు మరణమను ఘోరనేరముగ న్యాయస్థానమునకు చేరును.

నేరము కాలముతోబాటు వేషము మార్చును. కన్నపుదొంగ చీకటిని వెదకెను; నేటి దొంగ టెలిఫోను గంట మ్రోగించి పట్టపగలే వచ్చును. పోలీసు దుస్తులు ధరించి వీడియోలో కనబడి, “మీ పేరిట వచ్చిన పార్సెలులో మాదకద్రవ్యములున్నవి, మిమ్ము డిజిటల్ అరెస్టు చేసితిమి, గది కదలరాదు” అని బెదరించి, విశ్రాంత ఉద్యోగుల భవిష్యనిధి సొమ్మును బదిలీ చేయించుకొనుట ఇటీవలి మోసము. ఫోనులో అరెస్టు చేయు పద్ధతి ఏ చట్టమునందును లేదు. ఏ అధికారియు అట్లు ధనమును అడుగడు. జీవితమంతయు పై అధికారి ఉత్తరువునకు మారుపలుకని అలవాటే ఇక్కడ శత్రువగును. అట్టి పిలుపు వచ్చినచో ఫోను పెట్టివేసి ఇంటివారితో చెప్పవలెను. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 అను సంఖ్యకు తెలుపవలెను. మోసపోయినవాడు సిగ్గుపడనక్కరలేదు. నేరము మోసగించినవానిదే.

ఇక శిక్ష. పగ తీర్చుకొనుట, భయపెట్టుట, సంఘమునుండి వేరుచేయుట, సంస్కరించుట — శిక్షకు ఈ నాలుగు ప్రయోజనములను పెద్దలు చెప్పిరి. 1764లో ఇటలీకి చెందిన బెకారియా, శిక్ష ఎంత క్రూరమైనదను దానికంటె ఎంత నిశ్చయమైనదను దానివలననే నేరము తగ్గునని వాదించెను. ఆ మాటకు నేటికిని ఎదురులేదు. మన క్రొత్త సంహిత సమాజసేవను ఒక శిక్షగా చేర్చినది. మొదటిమారు దోషియైనవాడు ఐదువేల రూపాయలకు తక్కువ విలువగల వస్తువును దొంగిలించి, దానిని తిరిగి అప్పగించినచో, జైలునకు బదులు సమాజసేవ చేయవలెను. గొడుగు దొంగను బందిపోటుల నడుమ కూర్చుండబెట్టి విద్య నేర్పించుట మేలు కాదని చట్టమునకు తోచుట మంచిదే.

తెలుగు భాష పాపమను మాటను రెండర్థములలో వాడును. చేసిన చెడుగు పాపము. కష్టమున పడినవానిని చూచి అనుమాటయు “అయ్యో పాపము” అనియే. నేరమను మాటకు ఈ రెండవ అర్థము లేదు, ఉండనవసరమును లేదు. పనిని పనిగా తూచుటకు చట్టము కఠినముగనే యుండవలెను. గుమాస్తా తీసిన పదిహేనువేలును, వరుని తండ్రి అడుగక అడిగిన ఐదు లక్షలును, లెక్కల పుస్తకమున వ్రాసిన లేని కోట్లును, జేబుదొంగ కత్తెరయు ఒకే త్రాసున తూగవలెను. కాని ఆ పని చేసినవాని బిడ్డ మరునాడు బడికి వచ్చినప్పుడు, ప్రక్క బల్లమీది పిల్లలు జరిగి చోటీయవలెను. స్టువర్టుపురము బిడ్డలకు అట్లు చోటీయక దేశము ఎన్నో యేండ్లు పోగొట్టుకొనినది.

ఈ సాయంకాలము ఇండ్లకు మరలునప్పుడు ఎవరి చేతనైనను తమది కాని గొడుగు కనబడినచో, రేపు దానిని వెనుకకు తెచ్చి యిచ్చుట పిల్లలు చూచునట్లు జరుగుగాక. నేరశాస్త్రమున మొదటి పాఠము వారికి అంతకంటె బాగుగా ఏ గ్రంథమును చెప్పలేదు.